ఇల్లు మారాక రాత ముందుకు సాగడం లేదు

ప్రశ్న: రెండు నెలల క్రితం ఇల్లు మారాం. పాత ఇంట్లో రోజూ తెల్లవారుజామున కిటికీ పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. ఇక్కడా అదే వేళకు లేస్తున్నాను. కానీ కూర్చోగానే విప్పని అట్టపెట్టెలు కనిపిస్తాయి. ఏదో ఒకటి సర్దేలోపే పొద్దెక్కిపోతుంది. మావారు 'ముందు ఇల్లు ఒక కొలిక్కి రానీ, తర్వాత తీరిగ్గా రాసుకుందువు' అంటారు. సగంలో ఆగిన నవల తెరవాలంటేనే టెన్షన్. ఇక నేను రాయలేనేమో?

జవాబు: రాయగలరమ్మా. ఇన్నాళ్లూ మిమ్మల్ని రాతకు కూర్చోబెట్టింది పట్టుదల ఒక్కటే కాదు, ఆ కిటికీ, ఆ కుర్చీ కూడా. అవన్నీ ఒక్కసారిగా దూరమయ్యాయి. మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్, ఆమె సహచరులు వేరే యూనివర్సిటీకి మారిన విద్యార్థులపై చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. వ్యాయామం, పేపర్ చదవడం లాంటి అలవాట్లు కొత్తచోట కూడా పరిసరాలు పాతవాటిలాగే ఉన్నవాళ్లలో నిలిచాయి. పరిసరాలు మారినవాళ్లలో సడలాయి. మీకు జరిగిందీ అదే.

అందుకే ఇల్లంతా సర్దేదాకా ఆగకండి. ఇంటిపని ఎప్పటికైనా పూర్తిగా తెములుతుందా? ముందు మీ మూల సర్దుకోండి. పాత ఇంట్లో వాడిన కుర్చీ, టేబుల్ లైటు, నోటుపుస్తకం అక్కడికి చేర్చండి. అట్టపెట్టెలు వీపు వెనక ఉండేలా కుర్చీ తిప్పుకోండి. కళ్లెదుట పని కనిపిస్తుంటే చేతులు ఊరుకోవు.

నవలలో కొత్త అధ్యాయం ఇప్పుడే వద్దు. చివరగా రాసిన పేజీని చేత్తో మళ్లీ రాయండి. రాస్తున్నకొద్దీ ఆ పాత్రల మాటతీరు మీకు మళ్లీ పట్టుబడుతుంది. తర్వాతి వాక్యం తోస్తే రాయండి, తోచకపోతే లేచిపోండి. మొదట్లో పావుగంట చాలు.

మీవారి మాటలో కోపం లేదు, అలసట ఉంది. కాకపోతే మీ రాత ఆయనకు తీరిక వేళ వ్యాపకంలా కనిపిస్తోంది. అది మీకెంత ముఖ్యమో ఆయనకు చెప్పాల్సింది మీరే. 'ఈ పావుగంట నన్ను పిలవకండి, ఆ తర్వాత ఇద్దరం కలిసి ఒక పెట్టె విప్పుదాం' అనండి. పనిలో మీరూ ఒక చెయ్యి వేస్తారని తెలిస్తే ఆయనకూ అభ్యంతరం ఉండదనుకుంటాను.

రెండు నెలలైందని కంగారుపడకండి. ఫిలిపా లాలీ బృందం లండన్‌లో చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పడుతుందని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. మీకూ ఎప్పుడైనా ఒకరోజు తప్పితే, మర్నాడు రెండింతలు రాయాలని కూర్చోకండి. ఆ రోజూ పావుగంటే.