టెక్ సందేహాలు: ఇంజన్ టక్‌టక్‌కి బ్లూటూత్ డబ్బా ఏం చెబుతుంది?

ప్రశ్న: మాది 2012 మోడల్ పెట్రోల్ కారు. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్న స్టార్ట్ చేయగానే టక్ టక్ టక్ అని ఒకటే చప్పుడు. బండి వేడెక్కాక తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఒక షెడ్డులో టాపెట్లు (ఇంజన్ వాల్వ్‌లని తెరిచే భాగాలు) అన్నారు, ఇంకో షెడ్డులో ఇంజన్ దించాలన్నారు. ఆన్‌లైన్‌లో కారు సాకెట్‌కి తగిలిస్తే లోపాలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ స్కానర్ కొని, దాంతో వచ్చిన కాగితం మీది క్యూఆర్ కోడ్‌తో యాప్ వేసుకున్నాను. ‘ఏ లోపమూ లేదు’ అని చూపిస్తోంది. ఇంజన్ శబ్దం వాయిస్ మెసేజ్‌గా పంపుతున్నాను, విని చెప్పగలరా? – ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: విన్నాను. మీ వీధిలో కాకులూ, మీ ఇంట్లో కుక్కర్ విజిలూ శుభ్రంగా వినిపించాయి. ఇంజన్ మాత్రం ఎక్కడో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టుంది. రాజాం నుంచి, బొబ్బిలి నుంచి, టెక్కలి నుంచి ఇదే ప్రశ్న వస్తూనే ఉంది, అందరూ పంపేది వాయిస్ మెసేజే. ఫోన్ మైకు వెనకున్న సాఫ్ట్‌వేర్ మనిషి మాట కోసం తయారైంది. ఒకే తీరుగా, ఆగకుండా వచ్చే చప్పుడును అది రొద కింద లెక్కేసి అణిచేస్తుంది. మిగిలినదాన్ని వాట్సాప్ కుదించి పంపుతుంది. అంటే మీరు వినిపించాలనుకున్నదే అన్నిటికన్నా ముందు పోతోంది. ‘ఇంజన్ శబ్దం వినిపించండి, ఏఐ రోగం చెబుతుంది’ అనే యాప్‌లు కూడా ఆ మైకుతోనే వింటాయి. వాటి మీద నాకు నమ్మకం లేదు.

అసలు సంగతి వేరే ఉంది. మీ ఉత్తరంలో స్కానర్ ఉంది, యాప్ ఉంది, రెండు షెడ్ల అభిప్రాయాలున్నాయి. ‘ఆయిల్’ అన్న మాటే లేదు! పాత ఇంజన్ టక్‌టక్‌మంటే మొదట చూడాల్సింది ఆయిల్ లెవెల్. బండి చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపేసిన ఐదు పది నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడండి. చాలా చిన్న కార్లలో దాని మీద కింది గీతకీ పై గీతకీ తేడా సుమారు లీటరు. ‘ఎర్ర లైటు వెలగలేదు కదా’ అంటారు చాలామంది. ఆ ఆయిల్ బొమ్మ లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి, లెవెల్ గురించి కాదు. నడుస్తున్న బండిలో అది వెలిగేసరికి బేరింగుల దాకా దెబ్బ వెళ్ళి ఉండొచ్చు. అంత ముఖ్యమైన సంగతికి మీటర్ పెట్టకుండా ఆఖరి క్షణంలో వెలిగే ఒక బల్బుతో సరిపెట్టి, అదే డాష్‌బోర్డులో పాటల కోసం పెద్ద తెర బిగించినవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

ఆయిల్ సరిగ్గానే ఉంటే చప్పుడు ఎప్పుడు వస్తోందో చూడండి. స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లు టక్‌టక్‌మని ఆగిపోతే హైడ్రాలిక్ టాపెట్లలోంచి (ఆయిల్ ఒత్తిడితో సందు వాటంతటవే సర్దుకునే రకం) రాత్రి ఆయిల్ దిగిపోయిందనుకోవచ్చు. మంచి ఆయిల్, కొత్త ఫిల్టర్ వేస్తే తరచూ సర్దుకుంటుంది. మీరు చెప్పినట్టు ఇంజన్ వేడెక్కుతున్నకొద్దీ తగ్గుతుంటే నా అనుమానం రెండింటి మీద. ఒకటి, సైలెన్సర్ గొట్టం ఇంజన్‌కి కలిసే చోట, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గ్యాస్కెట్ (జాయింటు మధ్య పెట్టే పల్చటి రేకు) లీకు. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ కొట్టుకుని టక్‌మంటుంది, లోహం వేడికి వ్యాకోచించాక సందు మూసుకుంటుంది. జాయింటు దగ్గర నల్లటి మసి ఉందేమో చూడండి. రెండోది టాపెట్ల సందు పెరగడం. మీ కారుకి హైడ్రాలిక్ టాపెట్లు లేకపోతే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి సెట్టింగ్ చేయించాలి. ఎంత సందు ఉండాలో, ఇంజన్ ఏ స్థితిలో ఉండగా కొలవాలో మాన్యువల్‌లో ఉంటుంది. ‘చప్పుడు అస్సలు రాకూడదు’ అని మెకానిక్‌ని ఒత్తిడి చేయకండి. సందు మరీ బిగిస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కాస్త చప్పుడు చేసే టాపెట్ కంటే నోరెత్తని బిగుతు టాపెట్ ప్రమాదం.

సాలూరు లారీ షెడ్లలో పాత మేస్త్రీలు ఇప్పటికీ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన టాపెట్ కవర్ మీద పెట్టి, పిడి చెవికి ఆనిస్తారు. మీరూ చేయొచ్చు, కానీ ముందు భుజం మీద తువ్వాలు తీసేయండి, బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండండి. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు చిటపటమనడం మామూలే. పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ కూడా అచ్చం టాపెట్‌లాగే టక్‌టక్‌మంటుంది, దాన్ని పట్టుకోలేక హెడ్ విప్పించినవాళ్ళున్నారు. దాని కనెక్టర్‌ని కాసేపు పీకితే చప్పుడు ఆగిపోతుంది, అంతే పరీక్ష.

రికార్డు చేయాల్సిందే అంటే రికార్డర్ యాప్‌లో నాయిస్ రిడక్షన్ ఆపేసి, వేవ్ ఫార్మాట్‌లో తీసి, డాక్యుమెంట్‌గా పంపండి. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంతో కూడా రాయండి. వాల్వ్‌లని కదిపే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగమే. కాబట్టి 800 ఆర్‌పీఎం దగ్గర ఒక వాల్వ్ నిమిషానికి 400 సార్లు, అంటే 3 సెకన్లకు 20 సార్లు కొడుతుంది. కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిచి శబ్దం గీతలో 3 సెకన్లకు ఎన్ని మొనలున్నాయో లెక్కపెట్టండి. 20 వస్తే ఒక టాపెట్టో, ఒక సిలిండర్ దగ్గర లీకో కావచ్చు. 40 వస్తే క్రాంక్ వైపు చూడాలి. ఏ లెక్కకీ కుదరకపోతే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, బెల్టు పుల్లీ లాంటివి చూడాలి.

చప్పుడు టక్ నుంచి దబ్‌కి మారి, ఘాట్ ఎక్కుతున్నప్పుడో నలుగురు కూర్చున్నప్పుడో పెరిగితే మాత్రం ఆపేయండి. ‘మెల్లగా శ్రీకాకుళం దాకా లాగించేద్దాం’ వద్దు, కట్టి లాగించుకుపోండి. అది పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అయితే ఆ కొద్ది దూరంలోనే ఇంజన్ పోతుంది.

ఇక స్కానర్. అది అబద్ధం చెప్పలేదు. కారు కంప్యూటర్‌కి సెన్సర్ ఉన్నచోటి కబురే తెలుస్తుంది. సిలిండర్ సరిగ్గా మండకపోతే పీ0300 వరస కోడ్లు వస్తాయి. టాపెట్ సందు కొలిచే సెన్సరే లేదు, గ్యాస్కెట్ పక్కన చెవి పెట్టే సెన్సరూ లేదు.

నన్ను కంగారు పెట్టింది మీ ఇంజన్ కాదు, ఆ క్యూఆర్ కోడ్. దానితో మీరు ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైల్ (నేరుగా యాప్‌ని వేసే ఫైల్) దింపుకుని ఉంటారు. అది ఏయే అనుమతులు అడిగిందో చూశారా? ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి కావాలి, 12 నుంచి దానికి విడిగా ‘దగ్గర్లోని పరికరాలు’ అనే అనుమతి వచ్చింది. ఆ రెండూ అడిగితే అర్థం చేసుకోవచ్చు. ఎస్ఎంఎస్‌లు చదువుతానంటే? కాంటాక్టులు కావాలంటే? తెర మీదిది చదివి మీ బదులు నొక్కగలిగే యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటే? ఇంజన్ ఆర్‌పీఎం చూపించడానికి మీ బ్యాంకు ఓటీపీతో ఏం పని? ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే పంపి ఖాతాలు ఖాళీ చేసే ముఠాలు వాడుకునేది ఈ అనుమతులనే. యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూసి, ఇవి ఉంటే వెంటనే తీసేయండి. యాక్సెసిబిలిటీని ముందు ఆపితే గానీ కొన్ని యాప్‌లు అన్ఇన్‌స్టాల్ కావు. తర్వాత యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ ఇంకో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు కదిలినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: స్కానర్‌ని ఎప్పుడూ కారులో పెట్టే ఉంచొచ్చా? మైలేజీ చూసుకోవడానికి బాగుంది. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వద్దమ్మా. మొదటి కారణం చిన్నది: చాలా బళ్ళలో స్కానర్ తగిలించే సాకెట్‌కి తాళం తీసేసినా కరెంటు వస్తుంది, పది రోజులు కదలని కారులో బ్యాటరీ దిగిపోవచ్చు. రెండోది పెద్దది. చవక డబ్బాల్లో బ్లూటూత్ పిన్ సాధారణంగా 1234 లేదా 0000. వైఫై రకాల్లో చాలావాటికి పాస్‌వర్డే ఉండదు, పక్కన బండి పెట్టినవాళ్ళ ఫోన్‌కి కూడా అది కనిపిస్తుంది. ఇప్పటి కార్లలో ఆ సాకెట్ వెనక ఉండేది క్యాన్ అనే, కారు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అంతర్గత నెట్‌వర్క్. 1986లో బయటికొచ్చినప్పుడు, మాట్లాడేది ఎవరని అడిగే ఏర్పాటు దానిలో పెట్టలేదు. 2015లో శాన్‌డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే సాకెట్‌లో పెట్టిన ఒక సిమ్ డబ్బాకి ఎస్ఎంఎస్‌లు పంపి, కారు వైపర్లు తిప్పారు, నెమ్మదిగా వెళ్తున్న కారు బ్రేకులనూ తమ చేతిలోకి తీసుకున్నారు. మీ డబ్బాకి సిమ్ లేదు, అంత దూరం నుంచి కుదరదు. అయినా పిన్ మార్చడానికి వీల్లేకుండా వస్తువు తయారుచేసి, దాన్ని కారు నరాలకి తగిలించమని అమ్మడం బాధ్యత లేని పని.

చూసుకున్నాక పీకి గ్లవ్ బాక్స్‌లో పడేయండి. మైలేజీకి ట్యాంకు నిండా కొట్టించి, మళ్ళీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. చాలా డబ్బాలు ఇంజన్ పీల్చే గాలి లెక్కతో అంచనా కట్టి చూపించే అంకె కంటే అదే నిజం.