చిత్తూరు మామిడి గుజ్జు కంపెనీ పరిశోధన ఖర్చుకు పన్ను ఎంత తగ్గుతుంది?

మీరు చెప్పిన వివరాలు ఇవీ: చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, 22 శాతం పన్ను పద్ధతి ఎంచుకున్నారు. గుజ్జు రంగు మారకుండా ఎక్కువ నెలలు నిలిచేందుకు ప్రయోగాలకని రూ.40 లక్షల పరికరాలు కొన్నారు, ఇద్దరు ఫుడ్ టెక్నాలజిస్టులను పెట్టుకున్నారు. అమెరికాలో ఉన్న మీ బావమరిది ‘ట్యాక్స్ క్రెడిట్ అడుగు’ అన్నారు, ఇక్కడ ఇంకొకరు పరిశోధన ఖర్చుకు 150 శాతం డిడక్షన్ వస్తుందన్నారు.

ఆ రెండూ మీకు వర్తించవండి. క్రెడిట్ అంటే కట్టాల్సిన పన్నులోంచి నేరుగా కోసుకునేది. మన దగ్గర ఉన్నది డిడక్షన్, అంటే లాభంలోంచి తగ్గేది. 150 శాతం మాట పాతది. డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం) ఆమోదించిన సొంత ల్యాబ్ ఉన్న కంపెనీలకు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 35(2ఏబీ) కింద 2017 మార్చి వరకు 200 శాతం, 2020 మార్చి వరకు 150 శాతం ఇచ్చారు. ఆ తర్వాత అది 100 శాతమే. పైగా సెక్షన్ 115బీఏఏ కింద 22 శాతం ఎంచుకున్న కంపెనీకి ఆ క్లాజే వర్తించదు.

అలాగని 35వ సెక్షన్ మొత్తం మూసుకుపోలేదు. 115బీఏఏలో ఉన్నా 35(1)(i) కింద జీతాలు, ముడిసరుకు లాంటి నడుపుడు ఖర్చు, 35(1)(iv) కింద పరిశోధన పరికరాల పూర్తి ఖర్చు తీసుకోవచ్చు. వీటికి డీఎస్ఐఆర్ ఆమోదం అక్కర్లేదు. భూమి ధర మాత్రం రాదు.

జీతాలు మామూలు వ్యాపార ఖర్చుగా ఎలాగూ తగ్గుతాయి, వాటిని పరిశోధన పేరిట రాసినందుకు పైసా అదనంగా రాదు. అసలు లాభం పరికరాల దగ్గరే. రూ.40 లక్షల యంత్రానికి మామూలు తరుగుదల (విలువలో ఏటా ఖర్చుగా రాసుకునే భాగం) 15 శాతం, అంటే మొదటి ఏడాది రూ.6 లక్షలు. వాడకం 180 రోజులకు తక్కువైతే రూ.3 లక్షలే. 35(1)(iv) కింద ఐతే మొదటి ఏడాదే మొత్తం రూ.40 లక్షలు, సగం కోత నిబంధన లేదు. తేడా రూ.34 లక్షలు. సర్‌ఛార్జి, సెస్ కలిపి మీ రేటు 25.168 శాతం కాబట్టి ఆ ఏడాది పన్ను సుమారు రూ.8.56 లక్షలు తగ్గుతుంది. తర్వాతి ఏళ్లలో దీనిపై తరుగుదల ఉండదు, కాబట్టి ఇది బహుమానం కాదు, డబ్బు ముందుగా చేతిలో ఉండడం. కాయ డబ్బు రైతులకు ఇవ్వాల్సిన సీజన్‌లోనే జూన్ 15 అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదా కూడా పడుతుంది, అందుకే ఈ ముందుదనానికి విలువ ఉంది. పరికరం అప్పటికే కొని ఉంటే ఆ వాయిదా అంచనాలోనే లెక్కవేయండి. పరికరంపై కట్టిన జీఎస్‌టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేయాలి.

చిక్కు వచ్చేది ‘ఇది పరిశోధనేనా’ అన్న చోట. ప్రతి బ్యాచ్‌కి బ్రిక్స్ (చక్కెర శాతం), ఆమ్లత చూడడం, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అడిగే పరీక్షలు, కొనుగోలుదారు అడిగిన రిపోర్టులు నాణ్యత తనిఖీ కిందికి వస్తాయి. ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని సెకన్లు వేడిచేస్తే ఎంజైములు చస్తాయి, నిల్వలో రంగు ఎన్నో నెలలో మారుతుంది అన్నది పరిశోధన. సీజన్ మొదలయ్యే ముందే ప్రశ్న, ట్రయల్ ప్లాన్ కాగితం మీద పెట్టి, తేదీ వేసి సంతకం చేయించండి. బ్యాచ్ నంబర్లు, రీడింగులు, విఫలమైన ట్రయల్స్ కూడా ఉంచండి. ఆఫీసర్ నమ్మేది ఆ విఫలమైనవి చూసే. ఏడాది చివర్లో కూర్చుని రాసిన రిజిస్టర్ ఇట్టే దొరికిపోతుంది.

పైలట్ పాశ్చరైజర్‌ను (ప్రయోగాలకు గుజ్జును వేడిచేసే చిన్న యంత్రం) రద్దీ రోజుల్లో ‘కాస్త’ ఉత్పత్తికి వాడడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, వాడకం లాగ్‌లో అమ్మిన బ్యాచ్ కనిపిస్తే క్లెయిమ్ బలహీనపడుతుంది. వేరే గది, ఆస్తుల రిజిస్టర్‌లో వేరే ట్యాగ్ పెట్టండి. పరిశోధన ముగిశాక ఉత్పత్తికి మార్చితే తరుగుదలకు దాని ధర సున్నా. అమ్మితే, తీసుకున్న డిడక్షన్ మేరకు వచ్చిన డబ్బు వ్యాపార ఆదాయమవుతుంది.

తిరుపతిలో ఐఐటీకో, ఏదైనా విశ్వవిద్యాలయానికో విరాళంగా ఇచ్చిన దానికి 22 శాతం పద్ధతిలో డిడక్షన్ లేదు. మీ సమస్య మీద పని చేయించుకుని ఇన్‌వాయిస్‌కి కట్టిన ఫీజు ఐతే వ్యాపార ఖర్చే. కన్సల్టెంట్ ఫీజుపై టీడీఎస్ కోయకపోతే అందులో 30 శాతం తోసిపుచ్చుతారు.

కంపెనీల రిటర్న్ ఫారం ఐటీఆర్-6లోని ఈఎస్ఆర్ (పరిశోధన ఖర్చు) షెడ్యూల్, ఆడిట్ 3సీడీ ఫారం 19వ క్లాజు అంకెలు ఒకటిగా ఉండాలి. అదే యంత్రం తరుగుదల షెడ్యూల్‌లో కూడా చేరిపోవడం తరచూ జరిగే పొరపాటు, ఆడిటర్ గారితో కూర్చుని అది లేదని చూసుకోండి. నేను చెప్పిన నంబర్లు 1961 చట్టానివి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి.