దింపు దించినప్పుడు ఇరవై కాయలు ఇంటికి ఉంచు

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి పెద్దత్తయ్య ఆశీర్వదించి రాసేది.

కొబ్బరికాయలన్నీ బేరగాడికి తోలేసి, తలకి నూనె, వాకిలికి చీపురు, గిన్నెలు తోముకునే పీచు కొట్లో కొంటున్నామని రాశావు. పెరట్లో పన్నెండు కొబ్బరిచెట్లున్న కోనసీమ ఇంట్లో ఈ మూడూ కొనక్కర్లేదమ్మా. దింపు దించిన రోజే, అంటే చెట్ల మీంచి కాయలు కోయించిన రోజే, ఇరవై కాయలు పక్కకి తీయించు. డొక్క, అదే పైన ఉండే పీచుతొక్క, గోధుమరంగుకి తిరిగి, చెవి దగ్గర ఊపితే నీళ్ళు గలగలమనే ముదురుకాయలే ఏరుకో. లేతకాయలో పాలు తియ్యగా ఉంటాయి గాని నూనె దిగదు.

ముందుగా ఒకటి మనసులో పెట్టుకో. కాలవల మధ్యా లంకల మధ్యా ఉన్న మనకి గాలిలోనే తడి ఉంటుంది. కొబ్బరి బూజు పట్టినా, నూనె ముక్కవాసన వేసినా, చీపురు పుల్లలు ఊడిపోయినా చాలావరకు తడి వల్లే. అందుకే నూనెకి ఎండాకాలం ఒక దారి, వానాకాలం ఒక దారి.

మాఘం నుంచి వైశాఖం దాకా ఎండుకొబ్బరి చేసి గానుగాడించుకో. పొద్దున్నే కాయలు కొట్టి, నీళ్ళు వంచేసి, చిప్పలు లోపలివైపు పైకి ఉండేలా ఎండలో పెట్టు. రాత్రి మంచు పడకుండా లోపలికి తెచ్చేయాలి, లేదా బోర్లించి పైన పట్టా కప్పాలి. రెండో రోజుకో మూడో రోజుకో కొబ్బరి చిప్పని వదిలేస్తుంది. ఊడదీసి ఇంకో నాలుగైదు ఎండలు కాయనివ్వు. విరిస్తే టప్పున విరగాలి, సాగకూడదు. మొదటి రోజే మబ్బు పడితే ఆ కాయలు ఎండుకొబ్బరికి పనికిరావు, పాలు తీసెయ్యి. పచ్చగానో నల్లగానో బూజు పట్టిన ముక్క తుడిచి వాడదామనుకోకు. అది ఆరోగ్యానికి చెరుపు, పారెయ్యడమే. ఒక్కో కాయకి 130 నుంచి 150 గ్రాముల ఎండుకొబ్బరి, కిలో కొబ్బరికి అటూ ఇటూగా 600 గ్రాముల నూనె లెక్క. గానుగకి కనీసం ఎంత కొబ్బరి తేవాలో ముందే అడుగు. తక్కువైతే పక్కింటివాళ్ళతో కలిసి ఆడించుకోండి. నూనె తీయగా మిగిలిన చెక్క మాత్రం వదిలి రాకు, గేదెకి మంచి దాణా.

వానలు మొదలయ్యాక పాలు తీసి కాచుకోవడమే. పది కాయలతో మొదలుపెట్టు. కోరాముతో పది కాయలు కోరితే చెయ్యి లాగేస్తుంది. ముక్కలు కోసి మిక్సీలో గోరువెచ్చని నీళ్ళు పోస్తూ మెత్తగా తిప్పి, గుడ్డలో వేసి పిండు. మొదటిసారి రెండు లీటర్ల నీళ్ళు, మళ్ళీ లీటరున్నర. మూడోసారి పిండడం దండగ, వచ్చేది తెల్లనీళ్ళే. ఆ పాలని అలాగే పొయ్యెక్కిస్తే సగం గ్యాసు నీళ్ళు ఇగరడానికే పోతుంది. పొడుగాటి గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. పొద్దుటికి మీగడ గట్టిపడి అట్టులా లేస్తుంది. దాన్ని మాత్రమే తీసి మందపాటి కళాయిలో వెయ్యి.

ఇక్కణ్ణుంచి పొయ్యి దగ్గర్నుంచి కదలకు. మీగడ ముందు కరిగి పెద్ద పెద్ద బుడగలతో పొంగుతుంది. కాసేపటికి విరిగి తెల్లటి పలుకులవుతుంది, వాటి చుట్టూ పసుపుపచ్చ నూనె ఊరుతుంది. అప్పుడు మంట బాగా తగ్గించి అడుగంటకుండా కలుపుతూ ఉండు. బుడగలు చిన్నవై, చప్పుడు సన్నగిల్లి, పలుకులు లేత బంగారు రంగుకి వస్తాయి. దించాల్సింది అప్పుడే. ముదురు గోధుమరంగు దాకా ఆగితే కళాయి వేడికే మాడి నూనెకి మాడువాసన పడుతుంది. పలుకులు తెల్లగా ఉండగానే దించావా, లోపల నీరు మిగిలి పది రోజుల్లో వాసన కొడుతుంది. మొత్తం ముప్పావుగంట నుంచి గంట పడుతుంది.

అనుమానంగా ఉంటే ఒక పరీక్ష ఉంది. పొడి దూదివత్తి ఒకటి కొంచెం నూనెలో తడిపి, కళాయికి దూరంగా తీసుకెళ్ళి వెలిగించు. నిశ్శబ్దంగా వెలిగితే నూనె అయినట్టు. చిటపటలాడితే ఇంకా నీరుంది, మళ్ళీ సన్నసెగ మీద పెట్టు.

గోరువెచ్చగా అయ్యాక పొడిగుడ్డలో వడకట్టి, ఒకరోజు కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే ఎండలో పెట్టిన గాజుసీసాలోకి వంచు. పది కాయలకి అరలీటరు వస్తే బాగా వచ్చినట్టే. తడిచెయ్యి తగలకపోతే మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. మందారాకో కరివేపాకో వేసి కాయాలనుంటే నీడన ఆరిన ఆకే వెయ్యి, పచ్చిది వేస్తే నువ్వు ఇగర్చిన నీళ్ళు మళ్ళీ పోసినట్టే. పుష్యమాసంలో నూనె గడ్డకడితే కంగారుపడకు, చలికి దాని గుణమే అంత. గుడ్డలో మిగిలిన మడ్డిని బెల్లంకోరుతో కలిపి పిల్లలకి పెట్టు, ఎంతో ఇష్టంగా తింటారు.

పాలు పిండగా మిగిలిన పిప్పి సాయంత్రానికే పులిసిపోతుంది. అదే పూట మూకుట్లో తడి పోయేదాకా వేయించు. రెండు కప్పుల పిప్పికి ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, పది వెల్లుల్లి రెబ్బలు, తగినంత ఉప్పు వేసి పొడి కొట్టు. ఇడ్లీలోకి బాగుంటుంది.

చీపురికి రాలిన మట్టల్లో బాగా ఎండి పెళుసెక్కినవి వద్దు, పుల్ల విరిగిపోతుంది. కొత్తగా రాలి ఇంకా పచ్చిదనం ఉన్న మట్ట చూసుకో. ఒక్కో మట్టకి రెండొందల పైచిలుకు ఈనెలు వస్తాయి, గట్టి చీపురికి రెండు మట్టలు కావాలి. కత్తితో ఆకు చీరేసి, ఈనెలు మూడు రోజులు నీడన ఆరనివ్వు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పచ్చిమీద బిగించి కడతారు, పుల్లలు ఎండి సన్నబడ్డాక కట్టు వదులై వారానికే రాలిపోతాయి. ఆరాక మొదళ్ళు నేలమీద తట్టి సమం చేసి, నాలుగు వేళ్ళ కింద ఒక కట్టు, దానికి బెత్తెడు కింద ఇంకొకటి కొబ్బరితాడుతో కట్టు. తర్వాత మొదళ్ళ మధ్యలోకి వెదురుబద్ద చెక్కి మేకులా దిగ్గొట్టు. ఎంత లోపలికి దిగితే కట్టు అంత బిగుస్తుంది.

పీచుకి డొక్కలు రెండు మూడు రోజులు నానేసి, చెక్కసుత్తితో మోది పొట్టు దులిపెయ్యి. పొట్టు వదలకపోతే సింకు తూము పూడుకుపోతుంది. పీచు కడిగి, ఎండబెట్టి, పిడికెడు తీసి ముడేసుకుంటే రెండు వారాలు వస్తుంది. ఆ పొట్టు మొక్కలకి మంచిదే గాని నేరుగా వెయ్యకు. దానిలో ఉప్పూ వగరూ ఉంటాయి, మూడుసార్లు నీళ్ళు మార్చి కడిగాక రెండు వంతుల మట్టికి ఒక వంతు కలుపు.

వచ్చే దింపుకి ముందే గాజుసీసా, వడకట్టే గుడ్డ ఉతికి ఎండలో పెట్టుకో. మొదటిసారి కాచేటప్పుడు పలుకుల రంగు తెలియకపోతే మంట ఆపేసి నాకు ఫోను చెయ్యి, దగ్గరుండి చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దత్తయ్య