గుండె జబ్బు డాక్టర్ల పనేనా? సర్పంచ్ ఏం చెయ్యగలరు?

ప్రశ్న: డాక్టర్‌గారూ నమస్తే. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, నేను సర్పంచ్‌ని. మొన్న మా వీధిలో ఒకాయన, యాభై కూడా నిండలేదు, రాత్రి గుండెల్లో నొప్పి అంటే గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టీసారు, తెల్లారేసరికి పోయాడు. బీపీ ఉందట, మాత్రలు మానేసాడట. మీటింగ్‌లో ఈ మాట ఎత్తితే అది డాక్టర్ల పనమ్మా, మనం రోడ్లు కాలవలు చూసుకుందాం అన్నారు. నిజంగా మా చేతిలో ఏటీ లేదా?

– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీ చేతిలోనే ఎక్కువుంది. స్టెంట్ వెయ్యడం మా పని, కానీ మనిషి స్టెంట్ దాకా రాకుండా ఆపే పని మా ఆస్పత్రిలో జరగదు, మీ ఊళ్లోనే జరగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువుంది, అంటే మీ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉన్నట్టే.

గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటుంది, దానికి పెద్ద మీరే. చాలా ఊళ్లలో అది సంతకాలకే పరిమితం, అదే నా బాధ. ఈసారి మీటింగ్‌కి మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్‌గారిని బీపీ రిజిస్టర్ తెమ్మనండి, పక్కన కూర్చుని పేజీ తిప్పి చూడండి. పేరు ఎదురుగా మొదటి రోజు 160/100 అని రాసుంటుంది, ఆ తర్వాత నెలల గళ్లు చాలాచోట్ల ఖాళీ. ఎంతమందికి బీపీ చూశారు అని పైనుంచి అందరూ అడుగుతారు గానీ ఎంతమందికి 140/90 లోపలికి దిగింది, అంటే అదుపులోకి వచ్చింది అని అడిగేవాళ్లు తక్కువ, మీరు అదే అడగండి, ప్రతి నెలా అడగండి. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమం చేసిందీ పెద్ద వింతేం కాదు, అందరికీ ఒకే పద్ధతిలో మందు, ఇంటి దగ్గర్లోనే నెలకు సరిపడా మాత్రలు, ఎవరు రాలేదో చూసి వెతికి పట్టుకోవడం.

మందు లేకపోతే రిజిస్టర్ ఉండీ లాభం లేదు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు ఖరీదైనవేం కాదు, అయినా విలేజ్ క్లినిక్‌లో పదిరోజులకే ఇచ్చి మళ్లీ రమ్మంటే కూలి మానుకుని ఎవరొస్తారమ్మా? స్టాక్ అయిపోకముందే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి కమిటీ తరపున రాతపూర్వకంగా పంపండి, నోటిమాటగా చెప్తే ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్, చెన్నై పనులకి వలస పోయేవాళ్లకి రెండుమూడు నెలల మాత్రలు ఒకేసారి ఇప్పించే సంగతి కూడా అడగండి, మన జిల్లాలో మందు మధ్యలో ఆగిపోయేది ఎక్కువ వాళ్లకే.

చుట్ట సంగతి మర్చిపోకండి. మనవైపు పెద్దమ్మలు అడ్డచుట్ట కాలుస్తారు, నిప్పు లోపలికి పెట్టుకుని, దానివల్ల నోటికి క్యాన్సర్ అని తెలిసినవాళ్లకి కూడా గుండెకీ చెరుపే అని తెలీదు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టమే ఉంది, ఆ బడ్డీ కొట్టు తీయించడం పంచాయతీ పూనుకుంటే అయ్యేదే.

ఇక ఆ రాత్రి సంగతి. గుండెల్లో బరువు, చెమటలు, ఎడమచేతికి లాగడం ఉంటే సోడా వద్దు, వెంటనే 108. ముందు ఈసీజీ తియ్యాలి, గుండెపోటని తేలితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. మీకు దగ్గర్లో రాత్రిపూట ఈసీజీ తీసే ప్రభుత్వాస్పత్రి ఏది, అక్కడ ఆ ఇంజెక్షన్ ఉందా లేదా అన్నది ఇప్పుడే కనుక్కుని, ఆస్పత్రి పేరు, ఫోన్ నంబరు పంచాయతీ ఆఫీసు గోడమీద పెద్దక్షరాలతో రాయించండి.