ముందు సున్నా ఎక్కడో చెప్పు

హైదరాబాద్

చిరంజీవికి,

పౌడర్ డిఫ్రాక్షన్‌లో, అంటే పొడి మీదకు ఎక్స్-కిరణాలు పంపి స్ఫటికాల అమరిక తెలుసుకునే పద్ధతిలో, టెక్స్చర్ సవరణ గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయం తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి పేరా బాగుంది. పొడిలో స్ఫటికపు గింజలు అన్ని దిక్కులకూ సమానంగా తిరిగి ఉంటాయన్న నమ్మకం మీదే మన లెక్కలు నడుస్తాయి. అవి చదునుగా ఒకే దిక్కుకు పడుకుంటే, అదే టెక్స్చర్, ప్యాటర్న్‌లో పీకుల (కిరణాలు బలంగా వచ్చిన చోట లేచే శిఖరాల) చోటు మారదు, ఎత్తులు మారతాయి. ఇదంతా తేటగా చెప్పావు. ఆ తర్వాత 'ఒమేగా, కై, ఫై కోణాలు సెట్ చేయాలి' అని ఒక్క వాక్యంతో దాటేశావు. వ్యాసానికి ప్రాణం అక్కడే ఉందమ్మా.

మోజంజాహీ మార్కెట్ దగ్గర ఎడమకు తిరగమంటే, ఎటునుంచి వచ్చేవాళ్లకు ఎడమ? కోణాలకూ ఇదే చిక్కు. ఒమేగా సాంపిల్‌ను తిప్పే కోణం, టూ-తీటా డిటెక్టర్‌ను తిప్పే కోణం; రెండూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. కై సాంపిల్‌ను పక్కకు వంచుతుంది. ఫై దాన్ని దాని లంబం చుట్టూ తిప్పుతుంది. పేర్లు ఇవే అయినా సున్నా ఎక్కడ, ఎటు తిరిగితే ప్లస్ అన్నది పరికరాన్ని బట్టి మారుతుంది. అది చెప్పాకే అంకె రాయి. బొమ్మ తప్పకుండా వెయ్యి.

'సాంపిల్‌ను ఫై చుట్టూ తిప్పడంతో టెక్స్చర్ పోయింది' అన్న వాక్యం తీసెయ్. మామూలు బ్రాగ్-బ్రెంటానో అమరికలో (సాంపిల్ ముఖంతో కిరణం వచ్చే కోణం, వెళ్లే కోణం సమానంగా ఉండేది) మనకు కనిపించేవి సాంపిల్ ముఖానికి సమాంతరంగా ఉన్న పరమాణు తలాలే. ఫై తిప్పితే ఎక్కువ గింజలు లెక్కలోకి వస్తాయి, అది మంచిదే. కానీ చూసే దిక్కు మారదు. దిక్కు మారాలంటే కై వంచాలి, లేదా ఒమేగాను టూ-తీటాలో సగం దగ్గర్నుంచి పక్కకు జరపాలి.

గింజలు ఎంతగా పడుకున్నాయో ఒకే గుణకంతో చెప్పే మార్చ్-డొలాస్ సూత్రం ఇచ్చి వదిలేశావు. పాఠకుడి చేత ఒక్క లెక్క చేయించు. గుణకం 1 అయితే టెక్స్చర్ లేనట్టే. 0.8 అయితే, పడుకున్న తలాల పీక్ దాదాపు 1.95 రెట్లవుతుంది, వాటికి 90 డిగ్రీల్లో ఉన్నవి 0.72 రెట్లకు పడిపోతాయి. ఇది చూశాక సవరణ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఉప్పు ఉదాహరణ వద్దు, జిర్కోనియం రేకు తీసుకో. మన ఊళ్లోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రమలోహం) గొట్టాలు తయారవుతాయి, చదివేవాళ్లకు దగ్గరగా ఉంటుంది. రోలింగ్ చేసిన, అంటే రోలర్ల మధ్య నొక్కి సాగదీసిన, ఆ రేకులో షట్కోణ స్ఫటికాల నిలువు అక్షాలు రేకు లంబం నుంచి అడ్డ దిశకు, అంటే రేకు వెడల్పు వైపుకు, రెండు వైపులా 20 నుంచి 40 డిగ్రీలు వాలి ఉంటాయి. లంబం చుట్టూ ఒకే గుణకంతో పనిచేసే మార్చ్-డొలాస్‌కు ఇది అందదు. గింజలు ఏ దిక్కుకు ఎన్ని తిరిగి ఉన్నాయో వర్ణించగల స్ఫెరికల్ హార్మోనిక్స్ అనే గణిత పద్ధతి కావాలి, రకరకాల కోణాల్లో తీసిన డేటా కావాలి. సాంపిల్‌ను ఎటూ వంచకుండా, తిప్పకుండా మామూలు అమరికలో తీసిన ఒక్క ప్యాటర్న్‌తో పీకుల ఎత్తులు సర్దుకోవచ్చేమో గానీ, అది టెక్స్చర్ కొలిచినట్టు కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది నీ వ్యాసంలో లేనే లేదు. రేకును 90 డిగ్రీలు తప్పుగా తిప్పి అమర్చి, అన్ని ప్యాటర్న్‌లూ అలాగే తీశావనుకో. రోలింగ్ సౌష్ఠవం (రోలింగ్ దిశకూ అడ్డ దిశకూ అటూ ఇటూ రేకు ఒకేలా ఉంటుందన్న షరతు) పెట్టిన ఫిట్ ఏమీ అనదు, అంతే చక్కగా కుదురుతుంది. కానీ పోల్ ఫిగర్‌లో (తలాలు ఏ దిక్కుకు ఎక్కువగా తిరిగి ఉన్నాయో చూపే పటంలో) ఆ వాలు అడ్డ దిశకు బదులు రోలింగ్ దిశకు కనిపిస్తుంది. అందుకే రేకు కోయకముందే రోలింగ్ దిశకు మార్కర్‌తో బాణం గీయాలి, అమర్చాక ఆ బాణం ఎటు ఉందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నీ వ్యాసంలో సగం చోటు దీనికే ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

తిరగరాశాక బొమ్మతో సహా పంపు. చదివి వెంటనే రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు