కాకుల గుంపుకి పేరు పెట్టేముందు

చిరంజీవి అమ్మాయికి,

కథ చదివాను. తాతగారి కర్మ రోజున గోడ మీద ‘కాకుల హత్య’ వాలిందని రాశావు. ఇంగ్లీషులో కాకుల గుంపును మర్డర్ అంటారని ఎక్కడో చదివి ముచ్చటపడ్డట్టున్నావు. మన పాఠకుడు మాత్రం చచ్చిన కాకులేవని వెతుక్కుంటాడు.

ఆ ముచ్చట నాకూ ఉంది. 1486లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్‌లో వేట, డేగల పెంపకం గురించి ఒక పుస్తకం అచ్చయింది. అందులో ఇలాంటి పేర్ల పెద్ద జాబితా ఉంది. సింహాలది ప్రైడ్, అంటే గర్వం. నక్కి నక్కి తిరిగే నక్కలది స్కల్క్. జంతువులతో ఆగారా అంటే అదీ లేదు. సన్యాసినుల గుంపుకి ‘అవసరానికి మించినవాళ్ళు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు! వేటగాళ్ళ పరిభాష కొంత, వెటకారం కొంత అన్నమాట.

ఇలాంటి ఇంగ్లీషు పేర్లలో నాకు నచ్చేది బాతుల్లాంటి ఆ గూస్ పక్షుల సంగతి. నేల మీద గోల చేస్తుంటే గాగుల్. ఆకాశంలో వరసకట్టి పోతుంటే స్కెయిన్, అంటే నూలు చిలప. పక్షి అదే, చేసే పని మారితే పేరు మారిపోయింది.

మనకి ఇవి లేవనుకోకు. ఎగిరే కొంగలది బారు. పంట మీద పడే మిడతలది దండు. కోతులది మూక, ఇంట్లో అల్లరి పిల్లలదీ అదే. మంద అనగానే నాకైతే వెనకాల కర్ర పట్టుకున్న మనిషి కనిపిస్తాడు. గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక చేలల్లోకి బాతుల్ని తోలుతారు, వీలైతే వెళ్ళి చూడు. రాలిన గింజలు, నత్తలు ఏరుకుంటూ ముక్కులు బురదలో, తోకలు పైకి. గట్టు మీది మనిషి కర్ర అడ్డం పెడితే చాలు, అన్నీ ఒక్కసారిగా మళ్ళుతాయి.

కొత్త పేరు పెట్టాలనుంటే పెట్టు, ఎవరొద్దన్నారు? ముందు నీ కాకులు ఏం చేస్తున్నాయో చూడు. పిండం పెట్టి గంటయినా ఒక్కటీ దిగదు. చుట్టాలంతా టెన్షన్‌తో తలలెత్తి చూస్తున్నారు. తాతగారికి ఏ కోరిక మిగిలిపోయిందో అని మీ పెద్దత్త గొణుగుతోంది. ఇదంతా నువ్వు రాసిందే. అక్కడ ‘కాకుల బెట్టు’ అని పెట్టి చూడు. అదీ ఒక్కసారే.

ఆ పేజీ మార్చి పంపు. పెద్దత్త మాటల జోలికి మాత్రం పోకు, అవి బ్రహ్మాండంగా కుదిరాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు