గుడ్డ ఏనుగు చెవికి ఎర్ర దారం

"ఒంటరిగా విదేశాలకు వెళ్లేవారు ఒక గుడ్డ బొమ్మను వెంట తీసుకెళ్తే అక్కడివారితో మాట కలుస్తుందా, లేక అది ఫొటోల ముచ్చటేనా?" అని మీరు అడిగారు. కలుస్తుందని నా అనుభవం మీద చెప్పగలను. అయితే బొమ్మను ఫొటోలో నిలబెడితే చాలదు, దాన్ని ఎదుటివారి చేతిలో పెట్టాలి.

నాతో వచ్చింది జానెడు ఏనుగు. మా అమ్మమ్మ తన పాత మంగళగిరి చీరతో కుట్టి, బూరుగు దూది కూరి, దానికి గున్న అని పేరు పెట్టింది. 2023లో జపాన్‌లోని క్యూషూ దీవికి వెళ్లినప్పుడు, దాని తల బయటికి కనిపించేలా సంచి పైజేబులో ఉంచాను. అక్కడ ఇది వింతేమీ కాదు. కుమమొతో ప్రాంతానికి 2010 నుంచి కుమామోన్ అనే ఎర్రబుగ్గల నల్ల ఎలుగుబంటి ప్రచార చిహ్నంగా ఉంది. పెద్దవాళ్లు కూడా ఆ బొమ్మను సంచులకు తగిలించుకుని తిరుగుతారు.

కుమమొతో నుంచి అసో వెళ్లే రైలు తతెనో దగ్గర నిటారైన కొండ ఎక్కడానికి ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు సాగుతుంది. డ్రైవరు ఒక చివరి నుంచి రెండో చివరికి వెళ్తున్న ఆ కాస్త సమయంలో, ఎదురు సీటులో కూర్చున్న ఎనభై దాటిన ఒక మామ్మగారు గున్నను చూసి "జో" అన్నారు. జో అంటే ఏనుగు. నేను ఇండియా అని చెప్పి బొమ్మను ఆమె చేతికి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో అందుకుని, నా ముఖంలోకి చూసి, "ఇందిరా" అన్నారు. ఆమె ఏ ఇందిర గురించి అంటున్నారో నాకు వెంటనే తట్టలేదు.

ఫోనులోని అనువాద యాప్ సాయంతో ఆమె చెప్పిన సంగతి ఇది. టోక్యోలోని ఉఎనో జంతు ప్రదర్శనశాలలో ఉన్న మూడు ఏనుగులూ యుద్ధకాలంలో, 1943లో, అధికారుల ఆదేశం వల్ల తిండి లేక చనిపోయాయి. యుద్ధం ముగిశాక పిల్లలు ఏనుగు కావాలని ఉత్తరాలు రాస్తే, నెహ్రూ 1949లో తన కూతురి పేరు పెట్టిన ఏనుగును పంపారు. అప్పటికి ఏడేళ్ల పిల్లగా ఉన్న ఈ మామ్మగారు తండ్రి భుజాల మీదెక్కి దాన్ని చూశారట. మన దేశం చేసిన ఆ పనిని నేను బడిలో ఎక్కడా చదవలేదు. పరాయి దేశపు రైల్లో, దాన్ని కళ్లారా చూసిన మనిషి నోట విన్నాను.

ఇంతలో గున్న ఎడమ చెవి కుట్టు ఊడి ఉండడం ఆమె గమనించారు. చేతిసంచిలోంచి అగ్గిపెట్టెంత సూదిదారాల డబ్బా తీశారు. నల్ల దారం లేనందుకు తలవంచి క్షమాపణ చెప్పి, ఎర్ర దారంతో, మెరక ఎక్కుతూ ఊగుతున్న రైల్లోనే, ఎనిమిది కుట్లు వేసి పంటితో దారం తెంపారు. పేరు అడిగి, "గున్నా చాన్" అని పిలిచి నాకు తిరిగి ఇచ్చారు. పసివాళ్లను ముద్దుగా పిలిచేటప్పుడు పేరు చివర వాళ్లు చాన్ అని చేరుస్తారు.

కాబట్టి దుకాణంలో కొన్న బొమ్మ కన్నా, మీ ఇంటి కథ ఏదైనా ఉన్న బొమ్మనే తీసుకెళ్లమని నా సలహా. దాని గురించి రెండు మాటలు ఆ దేశపు భాషలో నేర్చుకోండి. పిల్లలతో ఫొటో తీసుకునే ముందు తల్లిదండ్రులను తప్పకుండా అడగండి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వెళ్లేవారికి ఇంకొక జాగ్రత్త: బొమ్మలో గింజలు, గడ్డి వంటివి ఉంటే ఆ దేశంలోకి వెళ్లేటప్పుడు ఇచ్చే ప్రయాణికుల ప్రకటనలో ముందే రాయాలి, లేకపోతే జరిమానా పడవచ్చు. బూరుగు దూదిలో ఒక్కోసారి గింజలు ఉండిపోతాయి కనుక, అటు వెళ్లేటప్పుడు నేను గున్నను ఇంట్లోనే ఉంచుతాను.